న్యామ్‌ఖూ గొంతు

గోబీ ఎడారిలో ఏ గుడారం ముందు మోటారుసైకిలు దిగినా, న్యామ్‌ఖూ ముందు తన సంస్థ బ్యానరు కడతాడు, ఆ తర్వాతే ఉప్పుటీ ముట్టుకుంటాడు. పాత పాటల్ని కాపాడే సంస్థ అది. పదకొండేళ్లుగా ముసలివాళ్ల నోటి దగ్గర మైకు పెట్టి, పాడించుకుని, ఫారం మీద సంతకం తీసుకోవడమే అతని పని. ఫారంలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా అతనికి తిండి సహించదు.

ఈ వసంతంలో దుల్మా అవ్వ దగ్గరికి వెళ్లేసరికి, ఆమె ఒంటె తన తొలిచూలు పిల్లను దగ్గరికి రానివ్వకుండా తంతోంది. రెండు రోజులుగా పాలు లేక పిల్ల నిలబడలేకపోతోంది. తల్లి ఒంటె మనసు కరిగించే పాత పాట పాడదామంటే అవ్వకు జలుబు చేసి గొంతు పూడుకుపోయింది. న్యామ్‌ఖూ తన రికార్డింగు పెట్టెలో, ఆమె మునుపు పాడిన ఆ పాట పెట్టాడు. ఒంటె ఆ పెట్టెనూ తన్నింది.

"నువ్వు పాడరా," అని గుసగుసలాడింది అవ్వ.

"నేను రికార్డు చేసేవాణ్ణి అవ్వా, పాడేవాణ్ణి కాదు!"

"పదకొండేళ్లు విన్నావు కదరా! చెవులు అద్దెకు తెచ్చుకున్నావా?"

అతను ఒంటె మెడ నిమురుతూ "ఖోస్, ఖోస్" అని బుజ్జగిస్తూ ఆ పాట అందుకున్నాడు. శ్రుతి ఎటో పోయింది. మాట మాత్రం ఒక్కటీ తప్పలేదు. పొద్దు వాలే వేళకు ఒంటె కళ్ల వెంట నీళ్లు కారాయి, పిల్ల పొదుగు అందుకుంది. న్యామ్‌ఖూ కూడా ముక్కు చీదుకున్నాడు.

"పొంగిపోకు," అంది అవ్వ. "నీ గొంతు భరించలేక పాలిచ్చేసింది. రేపు పొద్దున్నే వచ్చి కూచో, సరిగ్గా నేర్పుతా."