మూడు నిమిషాల్లో ఐదో తరగతి

మా వీధి డ్రైవరు తాతయ్యను టైమెంతయిందని అడిగినా, ఐదో తరగతిలో తాను ఫస్టు వచ్చిన సంగతి నుంచే మొదలుపెడతారు. ఆపైన పరుగుపందెంలో కప్పు, ఆపైన బ్రేకు పోయిన బస్సును గడ్డివాములోకి తోలి జనాన్ని కాపాడిన ఘనత. ఈలోగా అడిగినవాడు ఎక్కాల్సిన రైలు వెళ్లిపోతుంది.

తన గొప్పలు ఏపాటివో ఆయనకు తెలియక కాదు. తలుచుకుని తానే నవ్వుకుంటారు. ఆ బడిలో ఐదో తరగతికి ఉన్నది ముగ్గురు. ఒకడికి పరీక్షనాడు గవదబిళ్లలు. రెండోవాడు సొంత తమ్ముడు. అన్నను మించకూడదని ఇంట్లో కట్టడి. ఇక గడ్డివాము ఆసామి తిట్టడానికి వచ్చి, ఈయన నోట మాట రాక నిలబడటం చూసి, బుద్ధిమంతుడనుకుని పిల్లనిచ్చాడు.

ఈ లెక్కలన్నీ సరిచూసేది మనవరాలు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్ల, పదిహేడేళ్లు. ఇంట్లో ఆమెను అందరూ జడ్జిగారంటారు.

"బస్సులో నలభైమంది జనం..."

"పోయినసారి ముప్పై అన్నావు తాతా."

"తర్వాతి స్టాపులో పదిమంది ఎక్కారమ్మా."

"బ్రేకు లేకుండా స్టాపులో ఎలా ఆపావు?"

తాతయ్య గబగబా బస్సును గడ్డివాములోకి తోలేస్తారు.

జడ్జిగారు ఒక శిక్షణ కేంద్రంలో ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టే పని నేర్చుకుంటోంది. పద్దెనిమిది నిండితే ఇక రానివ్వరు. ఇలాంటివారికీ వాళ్ల కుటుంబాలకూ అండగా కొత్త చట్టం తేవాలని ముసాయిదా రాశారు. పద్దెనిమిది దాటాక కూడా శిక్షణ సాగాలన్న సెక్షను అందులో ఉంది. దాన్ని తీసేద్దామని, ముసాయిదాను పరిశీలిస్తున్న శాసనసభ కమిటీ ఆలోచన. ముందుగా కుటుంబాల మాట వింటామన్నారు, ఇంటికి మూడు నిమిషాలు.

కొడుక్కి మైకు చూస్తే నోరు పెగలదు. కోడలికి మొదటి మాటకే ఏడుపొస్తుంది. ఇంట్లో తడబడకుండా మాట్లాడేది తాతయ్య ఒక్కరే. భయమూ అదే. అందుకే ముందుగా ఇంట్లోనే సాధన పెట్టారు.

"మామయ్యగారూ, మూడు నిమిషాలు అయిపోయాయి. చట్టం మాట ఇంకా రానేలేదు," అంది కోడలు, వంటింటి గడియారం చూస్తూ.

"వస్తుందమ్మా. ఇంకా హైస్కూలు దాటలేదు."

"ఆ సెక్షను పోతే పిల్ల ఇంట్లో కూర్చోవాలండీ."

"తెలుసమ్మా," అన్నారాయన గొంతు తగ్గించి. మళ్లీ ఐదో తరగతి నుంచి అందుకున్నారు.

కమిటీ గదిలో వీళ్ల వంతు వచ్చింది. కళ్లజోడు సభ్యుడొకాయన పిల్లవైపు మెత్తగా చూసి, "అయ్యో పాపం, ఇలాంటి పిల్లతో మీరెంత కష్ట..." అన్నాడు.

"నేను ఐదో తరగతిలో ఫస్టండీ," అన్నారు తాతయ్య.

కొడుకు తల పట్టుకున్నాడు. కోడలు మాత్రం మామగారిని కొత్తగా చూసింది. పిల్లను ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు గుర్తొచ్చింది. చుట్టాలు జాలిముఖాలతో గుమ్మంలోకి రాగానే, అంతవరకూ నోట్లో నాలుక లేని ఈ మనిషి ఐదో తరగతి ఎత్తుకున్నారు. వచ్చినవాళ్లకు 'అయ్యో' అనే సందే దొరకలేదు. ఆనాటి నుంచీ ఎవరికీ దొరకలేదు.

"క్లాసులో ముగ్గురే అని కూడా చెప్పు తాతా. ఒకడికి గవదబిళ్లలు," అంది జడ్జిగారు.

గదంతా నవ్వింది. "మరి నువ్వు దేంట్లో ఫస్టమ్మా?" అని అడిగింది అధ్యక్షురాలు.

తాతయ్య మైకు మనవరాలి ముందుకు జరిపి నోరు మూసుకున్నారు. ఆయన జీవితంలో అసలైన ఘనకార్యం అదే.

"దుప్పట్లు మడతపెట్టడంలో నేనే ఫస్టు. మేం నలుగురం. ఎవరికీ గవదబిళ్లలు లేవు. చుట్టూ ఎలాస్టిక్ ఉండే దుప్పటి మడతపెట్టడం మాత్రం నాకింకా రాలేదు. పద్దెనిమిదొస్తే రావద్దంటున్నారు. మరి అది ఎవరు నేర్పుతారు?"

"అది నాకూ రాదు," అని గొణిగాడు కళ్లజోడు సభ్యుడు.

"మా సెంటరుకు రండి."

"నాకు పద్దెనిమిది దాటి చాలా కాలమైందమ్మా."

"అయితే ఆ సెక్షను మీకూ కావాలి," అంది అధ్యక్షురాలు. "ఓటింగుకు వెళ్లేదాకా దాన్ని ఎవరూ కదపొద్దు."

తిరుగు బస్సులో పక్క సీటాయన టైమెంతయిందని అడిగాడు. తాతయ్య గొంతు సవరించుకున్నారు.

"ఆగు తాతా, నేను చెబుతాను," అంది జడ్జిగారు. "అంకుల్, దుప్పట్లు మడతపెట్టడంలో..."

తాతయ్య కిటికీవైపు తిరిగి నవ్వుకున్నారు. పాపం, పక్క సీటాయన దిగాల్సిన స్టాపు వెనకే ఉండిపోయింది.