పహిల్వాన్ కోసం తిన్న గరిజెలు

ఆ రోజుల్లో ఇద్దరు వీరులు నారాయణఖేడ్ నుంచి కదిలి, జపాన్ కోటలో దూరి, ప్రాణాలకు తెగించి ధర్మాన్ని నిలబెట్టిన మహాగాథ చెబుతాను. (ఆ రోజులంటే మూడేళ్ళ కిందట. కోట హైదరాబాద్‌లో, చెప్పుల దుకాణం పై అంతస్తులో. ప్రాణాలకేమీ కాలేదు. నిజానికి ఇది గాథ కాదు, తిండి సంగతి.)

రెండో వీరుడు నా చిన్ననాటి దోస్తు పహిల్వాన్ (నలభై ఎనిమిది కిలోలు). ఇద్దరికీ ఒకే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఖేడ్ డిపోలో బస్సెక్కుతుంటే వాళ్ళమ్మ, మా అందరికీ అమ్మీ, నా చెయ్యి పట్టుకుంది. "బేటా, ఆకలైతే వీనికి కండ్లు కనబడవు. పట్నంల ఏందేందో పెడ్తరంట. పంది గిట్ల వీని నోట్లకు పోనియ్యకు. నీ జిమ్మేదారి." తలూపాను. ఆ రోజు నుంచి వాడు బిస్కెట్టు తిన్నా నాకు గుండెదడే.

నెల నిండగానే పహిల్వాన్ ఫోన్‌లో చూసి ఒక చోటు ఎంచాడు. ఇజకాయా అట. జపాన్‌వాళ్ళు పని దిగాక కూర్చుని, తాగుతూ తినే పాతకాలపు హోటల్. తలుపు నేను రెండు అరచేతులూ ఆనించి ఎంత తోసినా తెరుచుకోలేదు. లాగమని లోపలి నుంచి ఎవరో సైగ చేశారు. ఎర్ర కాగితం లాంతర్ల కింద అడుగు పెట్టగానే వంటవాళ్ళంతా ఒక్కసారి ఏదో అరిచారు. దొరికిపోయామనుకున్నాను. స్వాగతమట.

ప్లేటు వచ్చింది. అచ్చం మన గరిజెలే, అదే కజ్జికాయలే, లోపల కొబ్బరికి బదులు కీమా. ఏ కీమా?

"అడుగురా."

"అడిగితే ఖేడోళ్ళమని తెలుస్తది. నువ్వే అడుగు."

అడిగాను. వడ్డించే అమ్మాయి "చెఫ్ స్పెషల్ సర్" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఇక మిగిలింది నా నాలుకే. ముందు నేను తినాలి, కోడి అని తేల్చాలి, అప్పుడు వాడు ముట్టాలి. (పంది రుచి నాకూ తెలియదన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.) ఒకటి నమిలాను. అల్లం, వెల్లుల్లి, భయం. పహిల్వాన్ నా దవడనే చూస్తున్నాడు.

"కోడేనా?"

"ఆగు, ఇంకోటి తిననియ్యి."

"ఏందిర, తీర్పు చెప్తవా, కడుపు నింపుకుంటవా?"

నాలుగోది మింగి "కోడే" అన్నాను. ప్రతి ప్లేటుకూ అదే విచారణ. ఆరో ప్లేటు మీద పహిల్వాన్ నమలడం ఆపాడు.

"అరే, ఇయ్యాల శనివారం గదరా. నువ్వు నీసు ముట్టవు గద."

చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వస్తే, శనివారాలు నీసు ముట్టనని మా అమ్మ నా పేరున స్వామికి మొక్కింది. పదకొండేళ్ళుగా తప్పలేదు. నోట్లో ఉన్నదాన్ని ఉమ్మాలా, మింగాలా అని చాలాసేపు ఆలోచించి, మింగాను.

మరుసటి వారం ఖేడ్‌లో అమ్మీ నన్ను అడిగింది, "వీడు తప్పుది తినలే గదా?" లేదన్నాను, ఎంత నమ్మకంగా అన్నానో ఆ దేవుడికే తెలుసు. మా అమ్మ వాణ్ణి అడిగింది, "శనివారం వీడు ముట్టలే గద బిడ్డా?" పహిల్వాన్ రెప్ప కూడా వేయలేదు. "ఆకులే తిన్నడు పెద్దమ్మా, మేక లెక్క."

ఆ తర్వాత అంత భయంతో, అంత శ్రద్ధగా ఇంకెవరి కోసమూ నేను నమల్లేదు. మొన్న ఇద్దరం మళ్ళీ వెళ్ళాం, ఆదివారం చూసుకుని. తలుపు మీద, ఆనాడు నా అరచేతులు ఆనించిన చోట, రంగు వెలిసిన పాత అక్షరాల్లో రెండు మాటలు రాసి ఉన్నాయి. ఒకటి, ఇక్కడ హలాల్ మాంసమే వండుతాం. రెండోది, తలుపు లాగండి.