పేరు తెలియని రాయికి మొక్కు

మా తోడికోడలు ఆ రోజు అన్న మాటలు నేను మరిచిపోలేదు. మరిచిపోను కూడా.

లండన్ శివారు స్టాన్‌మోర్‌లో బావగారి కుటుంబం, మేము ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. నాకు పెళ్లయి ఆరేళ్లయినా పిల్లల్లేరు. మా జీపీ, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టరు, ఇంకా ఆగి చూద్దామనేవాడు. ఆ వేసవిలో అందరం కారులో స్కాట్లాండ్ వెళ్లాం. రోడ్డు అట్లాస్ తోడికోడలి ఒళ్లో ఉంది కాబట్టి దారి తప్పాం.

ఒక పొలం పక్కన కారు ఆపారు. పొగమంచు. గడ్డిలో నిలువెత్తు రాయి. దాని మీద పాము, పాముకి అడ్డంగా విరిగిన కర్ర, కింద అద్దం, దువ్వెన చెక్కి ఉన్నాయి. మా వైపు పిల్లలు లేనివాళ్లు నాగమ్మ రాతికి పాలు పోసి మొక్కుకుంటారు. బిడ్డ పుడితే నాగ అని పేరు కలుపుతారు. నేను ఇంకేం ఆలోచించలేదు. టీకి తెచ్చిన పాలు తీసి పాము తల మీద పోసి మొక్కుకున్నాను.

"పాలన్నీ రాతికి తాగించావా అమ్మాయ్? మీ జీపీకి చెప్పు, ఆయనా ఇదే వైద్యం మొదలుపెడతాడు," అంది తోడికోడలు. బావగారు నవ్వారు. మా ఆయనా నవ్వాడు. అదీ గుర్తుంది.

పాలు పాము గాడిలోనే మెల్లగా తోక దాకా పాకాయి. అద్దం మీదా పోశాను. అక్కడ చుక్క నిలవలేదు. గుండ్రంగా, నల్లగా, పొడిగా ఉండిపోయింది. అవతల ఆవులు మేత మాని మా వైపే చూస్తున్నాయి.

కుక్కతో ఒక ముసలావిడ వచ్చింది. బొమ్మలకి అర్థమేమిటని అడిగాను.

"ఎవరికీ తెలియదమ్మా. ఇవి చెక్కిన పిక్టులు, ఒకప్పుడు ఇక్కడుండే జనం, పోయి వెయ్యేళ్లు దాటింది. సమాధి రాయని కొందరంటారు," అంది. తడిసిన రాయిని చూసి, కుక్కని దగ్గరికి లాక్కుని వెళ్లిపోయింది.

"సమాధిని బిడ్డనడిగావన్నమాట," అంది తోడికోడలు కారెక్కుతూ.

దసరాకి నెల తప్పాను. పాప పుట్టింది. పేరు నమోదుకి ఆరు వారాలే గడువు.

"నాగ అని ఎలా పెడతావు? అది నాగమ్మో కాదో తెలియకుండా," అంది తోడికోడలు చివరి రోజు కూడా. ఆవిడ మీద పంతంతోనే ఆ పేరు రాయించాను.

మూడేళ్లు వచ్చినా పాప ఆ పేరుకి పలకలేదు. చప్పట్లు కొడితే చూసేది, పాప అంటే వచ్చేది. చెవులు బాగానే ఉన్నాయని జీపీ రాసిచ్చాడు.

పేరు మార్చమని మా ఆయన ఇప్పటికీ అంటాడు. మార్చాలన్నా, నేను మొక్కింది ఎవరికో తెలియకుండా ఏ పేరు పెట్టాలో ఎవరిని అడగను?