మాస్టారి రెండో డబ్బీ

మాస్టారు పోయారన్న వార్త వాట్సాప్‌లో చూసినప్పుడు నేను ల్యాబ్‌లో ఆయన త్రాసు ముందే కూర్చుని ఉన్నాను. నా పీహెచ్‌డీకి ఆయనే గైడ్. ఆయన ఇల్లు డబ్బున్నవాళ్ళుండే శివారు ఫార్మింగ్టన్ హిల్స్‌లో, మా పని డెట్రాయిట్ ఫ్యాక్టరీల పక్క వీధుల్లో. కంటికి కనపడకుండా ఊపిరితిత్తుల అడుగుదాకా పోయే సన్నటి ధూళిని బిస్కెట్టంత ఫిల్టర్ల మీద పట్టి తూచేవాళ్ళం.

ఎక్కడికెళ్ళినా రెండు డబ్బీలు తెచ్చేవారు. ఒకదాంట్లోది గాలి పీల్చే మెషీన్‌కి పెట్టే ఫిల్టరు. రెండోదాంట్లో ఫిల్టరు ఊరికే వచ్చి ఊరికే వెళ్ళేది, గాలి పీల్చేది కాదు. దాన్నీ తూచేవారు. "ముందు మన చేతుల మురికెంతో చూసుకోవాలమ్మాయ్. ఊరి మురికి లెక్క ఆ తర్వాత" అనేవారు. దాని పక్కన తుమ్మానని నన్ను ఓసారి కార్‌లోకి తరిమేశారు.

మా మెషీన్లలో ఒకటి ఓ పెద్దావిడ వరండాలో ఉంది. పోస్టాఫీసులో చేసి రిటైరైన నల్లజాతి ఆవిడ. ఇన్‌హేలర్ పక్కన లేకపోతే మనవరాలికి నిద్ర పట్టదు. మెషీన్ పెట్టుకోనివ్వడానికి ఆవిడది ఒకటే షరతు: ఫలితం ఎక్కడా అచ్చవకముందే మాస్టారే వచ్చి తనకి చెప్పాలి. రిటైరయ్యాక కూడా ఆయన ఆ మాట తప్పలేదు.

"మీరైతే ఈ వీధిలో ఉంటారా?" అని ఓసారి అడిగింది.

"ఉండను" అన్నారు మాస్టారు.

తిరిగొస్తూ, "సిగ్గేస్తోందమ్మాయ్. ఆవిడ గాలి మనకి పబ్లికేషన్ అయింది. ఆవిడకేం ఒరిగింది?" అన్నారు. తన ఇంటి ముందు దిగాక కూడా చాలాసేపు లాన్ దగ్గరే నిలబడిపోయారు.

సంస్మరణ సభకి హాలు నిండిపోయింది. ఆయన పేపర్ల గురించి, అవార్డుల గురించి మాట్లాడుకున్నాం, పులిహోర తిన్నాం. నేనూ మైక్ పట్టుకుని బాగానే ఏడ్చాను.

తర్వాత ఈ సీజన్ ఫలితం చెప్పాల్సి వచ్చింది. వస్తున్నామని ఆవిడకి మెసేజ్ పెట్టాను. మాస్టారి సంగతి ఎదురుగా చెప్పొచ్చులే అనుకున్నాను. వెళ్ళేసరికి వరండాలో రెండు కుర్చీలు, ఆయన కోసం పంచదార వేయని కాఫీ.

"ప్రొఫెసర్ కార్ పార్క్ చేస్తున్నారా?"

చెప్పాను. ఆవిడ కుర్చీలో కూలబడింది.

"మెమోరియల్ సర్వీస్ ఎప్పుడు?"

"అయిపోయిందండీ."

"నాకు చెబితే వచ్చేదాన్ని కదా, హనీ. ఎంత దూరమని?"

తల కొట్టేసినట్టయింది. సభకి అందరినీ పిలిచింది నేనే. ఆవిడ నంబర్ నా ఫోన్‌లోనే ఉంది. ఆయన ఎవరి విషయంలో సిగ్గుపడ్డారో ఆ మనిషినే నేను మర్చిపోయాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, "సరే, చెప్పు" అంది. గాలి ఏమీ బాగుపడలేదని చెప్పి, ఆయన చూపించినట్టే డబ్బీలు రెండూ తెరిచాను. మెషీన్‌ది బూడిదరంగుకి తిరిగింది. ఆవిడ రెండోది తీసుకుని వెలుగుకి పట్టి చూసింది.

"ఇది మీ చేతుల లెక్కని చెప్పేవారు కదా ప్రొఫెసర్? తెల్లగానే ఉంది, హనీ" అంటూ తిరిగి ఇవ్వబోయింది.

ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. అయినా డబ్బీ అందుకోవడానికి నేను చెయ్యి చాచలేకపోయాను.