పురికొసతో కొలిచిన ఆకాశం

నిన్నంతా ఫోను చేత పట్టుకుని మ్యాపులో కదిలే ఒక బుల్లి విమానం వెంట తిరిగాను. దిల్లీ నుంచి వాంకోవర్: పదకొండు వేల కిలోమీటర్ల పైచిలుకు, పద్నాలుగు గంటలు అని కింద రాసి ఉంది. అందులో కూర్చున్నవాడు నా తోడల్లుడు. గుంటూరు యార్డులో మిరపకాయల వ్యాపారి. కెనడాలో ఎవరో కొనుగోలుదారు పిలిచాడట. మిరపకాయల గురించి నాకు తెలిసింది పచ్చడి వరకే కనుక నన్ను పిలవలేదని బాధ లేదు. ఆ విమానం తూర్పుకూ పడమరకూ పోకుండా ఉత్తరానికి, సైబీరియా మంచు మీదికి ఎక్కింది చూడండి, అక్కడ మండింది నాకు.

వినుకొండలో మా అత్తగారికి పేపర్లో ఏ సందేహం వచ్చినా నన్నే అడిగేవారు. గ్రహణం వేళ ఆవిడ చేత అన్నం తినిపించినవాణ్ణి నేను. సభల్లో జ్యోతిష్కులను నిలదీసిన నోరు నాది. తోడల్లుడేమో వర్జ్యం చూడనిదే గడప దాటడు. ఒక వేసవి మధ్యాహ్నం వసారాలో ముంజలు తింటుండగా ఆవిడ, "కెనడాకి విమానం ఎటుగా పోతుందయ్యా?" అన్నారు. నేను గోడమీది పటంలో యూరప్, అట్లాంటిక్ మీదుగా వేలితో గీత గీసి, "తిన్నటి గీతే దగ్గరి దారండీ" అన్నాను. "అట్టా కాదేమో అన్నయ్యా" అంటూ తోడల్లుడు లేచాడు. నేనే ఆ ఇంటికి కొనిచ్చిన గ్లోబును బీరువా మీంచి దించి, జేబులోంచి బస్తాలు కుట్టే పురికొస తీసి, మన దేశం మీదా కెనడా మీదా ఆనించి లాగాడు. అది జారి జారి ఉత్తరధ్రువం పక్కకు పోయి ఆగింది. "బిగిస్తే ఇదే చెబుద్దండీ. వదులుగా ఉన్నంతసేపే మన ఇష్టం."

"వర్జ్యం చూసేవాడివి, నువ్వా నాకు భూగోళం చెప్పేది?" అని అరిచాను. మనిషిని తిట్టి వాదం గెలవకూడదని వేదికల మీద చెప్పేది నేనే. నా భార్య ముంజ తొక్క తీస్తూ తలెత్తకుండా, "వర్జ్యం సంగతి తర్వాత. దారం సంగతి చెప్పండి" అంది. అత్తగారు మర్నాడు పేపరు పట్టుకుని వచ్చి అతని పక్కన కూర్చున్నారు. కన్నుమూసేదాకా అతన్నే అడిగారు. నేను పక్క గదిలో పుస్తకం పేజీలు అవసరానికి మించి చప్పుడు చేస్తూ తిప్పేవాణ్ణి.

ఇవాళ మెసేజ్ వచ్చింది. "దిగాను అన్నయ్యా. విమానం కింద అంతా మంచే. చూడాల్సినవాళ్ళు మీరు. నాకేం తెలుస్తుంది, ఫొటోలు తీశాను." పాత గొడవ ఊసే లేదు. మరిచిపోయాడో, మరిచినట్టు ఉన్నాడో. రెండోదైతే ఇంకా మంట. "ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం" అని రాశాను. చెరిపాను. మళ్ళీ రాశాను. ఇంకా పంపలేదు. అతను పద్నాలుగు గంటల్లో భూగోళం అవతల దిగాడు. ఆ వసారాలో నా కుర్చీ నుంచి అతని కుర్చీకి నాలుగే అడుగులు; ఇరవై ఏళ్ళయింది, నేనింకా దారిలోనే ఉన్నాను.