కొవ్వు కోసం మొక్కు

నాకు పుట్టినప్పట్నుంచీ ఒంటిమీద ఎముకలు తప్ప ఇంకేమీ లేవు. పొట్టలోనో తొడల్లోనో ఉండే కొవ్వు తీసి రొమ్ముల్లో ఎక్కిస్తారని ఫోన్లో చూసి, తిరుత్తణిలో రైలెక్కి చెన్నైకి పోయినాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ సంతలో కోడిని పట్టి చూసినట్టు నా పొట్ట, తొడలు, నడుము వరసగా గిల్లి చూసింది. "తీసేదానికి యాడుందమ్మా? ఒక నాలుగు కిలోలు పెరిగి రా. పెరిగింది నిలవాల కూడా. మళ్ళీ చిక్కిపోతే పెట్టిందీ కరిగిపోతుంది" అనింది.

ఇంట్లో రొమ్ముల మాట ఎత్తకుండా, లావు కావాలని మాత్రం అమ్మతో చెప్పినాను. అమ్మ నువ్వుల ఉండలు చేసి ఊరుకోలేదు. "బిడ్డ ఒళ్ళు చెయ్యాల సామీ, ఆరు నెలలు మంగళవారం మంగళవారం ఒక్కపొద్దుండి మెట్లెక్కి వస్తుంది" అని కొండమీది మురుగయ్యకు నా తరఫున మొక్కేసింది. లావయ్యేదానికి పస్తు మొక్కే తెలివి మా ఇంట్లోనే ఉంది. పైదాకా బస్సుంది, ఎక్కనీలేదు. నేను పరగడుపున మూడొందల అరవై ఐదు మెట్లెక్కి దిగేదాకా, మోకాళ్ళ నొప్పులని ఆమె కిందే కూర్చొని వడలు తినేది. ఆ పొద్దు నాకు పెట్టకూడని ఉండలు పారేయలేక అవీ ఆమే తినేది.

ఆరు నెలలకి నేను రెండు కిలోలు తగ్గినాను, అమ్మ ఐదు కిలోలు పెరిగింది. మొక్కిందెవరో సామికి బాగానే గుర్తుంది.

మళ్ళీ గిల్లించుకున్న రోజు, మా అమ్మది తీసి నాకు ఎక్కించకూడదా అని అడిగినాను. డాక్టరమ్మ నవ్వలేదు.

"ఎవరి కొవ్వు వాళ్ళకేనమ్మా" అనింది.