గొర్రెపిల్లకి పాలు పట్టిన రోజు

నిన్న మా పాపకి పాలపొడి కలుపుతుంటే, గోరువెచ్చని ఆ వాసనకి చిన్నప్పుడు చూసిన ఒక ఫార్మ్ గుర్తొచ్చింది.

అప్పటికి నేనింకా బడిలో కొత్త. మేముండే స్కోఫీల్డ్స్ నుంచి అమ్మా, నాన్నా, నేనూ కారుకి కారవాన్, అంటే చక్రాల మీది చిన్న ఇల్లు, తగిలించుకుని ఆ ఫార్మ్‌లో క్యాంపింగ్‌కి వెళ్ళాం. దారంతా నేను పేచీ పెడుతూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున నాన్న కంగారుగా కారవాన్‌ని కారు నుంచి విడదీశాడు. అమ్మ ముందు సీట్లో కళ్ళు మూసుకుని కూర్చుంది.

"ఆంటీ దగ్గర బుద్ధిగా ఉండు తల్లీ. టౌన్‌కెళ్ళి వచ్చేస్తాం," అన్నాడు నాన్న.

ఆంటీ అంటే ఆ ఫార్మ్ యజమానురాలు. ఆమె నా చేతికి పాలసీసా ఇచ్చి, ఒక గొర్రెపిల్లని ముందు నిలబెట్టింది.

"వేర్ ఈజ్ ఇట్స్ మమ్?" అని అడిగాను.

తల్లి దాన్ని వదిలేసిందని చెప్పిందామె.

పేచీ పెట్టానని నన్నూ వదిలేశారనుకున్నాను. కారవాన్ ఇక్కడే ఉంది కదా అని ధైర్యం తెచ్చుకున్నాను. అంతలోనే, నేను ఇక్కడే ఉండిపోవడానికే దాన్ని వదిలి వెళ్ళారేమోనని భయం వేసింది. మట్టిరోడ్డు మీద దుమ్ము లేచినప్పుడల్లా గేటు దాకా పరుగెత్తాను.

సాయంత్రానికి కారు వచ్చింది. అమ్మ దిగి, నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చింది.

"ఐ విల్ బీ గుడ్, అమ్మా," అన్నాను.

"నువ్వేం చెయ్యలేదు బంగారం."

నాకు పుట్టబోయే తమ్ముడో చెల్లెలో ఆ రోజు టౌన్ హాస్పిటల్లో దక్కలేదని పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు మాత్రం, నన్ను వదిలి వెళ్ళినందుకే ఏడుస్తోందనుకుని, "ఇట్స్ ఓకే అమ్మా, యూ కేమ్ బ్యాక్" అంటూ వీపు నిమిరాను.